మామయ్య కౌంటర్ మీద నోటుబుక్

హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు చాలా వివరంగా ఉత్తరం రాశారు. పేరు, కంపెనీ వివరాలు బయటపెట్టవద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆయన వయసు 31. సొంతూరు తెనాలి దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంజనీరింగ్ అయ్యాక, క్లయింట్లు అడిగిన సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే ఒక సర్వీస్ కంపెనీలో ఐదేళ్లు పనిచేసి, రెండేళ్ల కిందట సొంత సాఫ్ట్‌వేర్ తయారుచేసి అమ్మే ఒక చిన్న ప్రొడక్ట్ కంపెనీలో డెవలపర్‌గా చేరారు. ఆ కంపెనీ మందుల షాపులకు బిల్లింగ్, స్టాక్ చూసుకునే సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. ఈసారి అప్రైజల్‌లో సీనియర్ పోస్టు ఖాయమనుకున్నారు. రాలేదు. కారణం అడిగితే మేనేజర్ ఒకటే మాట అన్నారట: "నీ కోడ్‌కి వంక పెట్టను. కానీ నీకు ప్రొడక్ట్ మైండ్‌సెట్ లేదు."

"ఆ మాటకు అర్థమేమిటో నాకు ఇప్పటికీ తెలీదు" అని రాశారు. "పోయినేడు మూడు నెలలు కష్టపడి షాపు ఓనర్ల కోసం అమ్మకాల డాష్‌బోర్డ్ చేశాను. నాలుగు గ్రాఫులు, రకరకాల ఫిల్టర్లు. మొదట్లో తెరుచుకోవడానికి తొమ్మిది సెకన్లు పట్టేది. దాన్ని ఒక్క సెకను లోపుకి తెచ్చిన రోజు నాకు అన్నం తినడం కూడా గుర్తులేదు. ఈ మధ్య దాన్ని మెనూలోంచే తీసేశారు. నాలుగు వందల షాపుల్లో దాన్ని రెండోసారి తెరిచినవి పదకొండేనని అప్పుడే చెప్పారు. ఇచ్చిన రిక్వైర్‌మెంట్ ప్రకారమే చేశాను కదా, తప్పు నాదెలా అవుతుంది? సరే అని తర్వాతి ఫీచర్ మీటింగ్‌లో 'ఇది అసలు ఎవరికి కావాలి?' అని అడిగాను. 'అది చూసుకోవడానికి నేనున్నాను' అన్నారు, ఏ ఫీచర్ చేయాలో నిర్ణయించే ప్రొడక్ట్ మేనేజర్, అందరి ముందూ. అడగకపోతే మైండ్‌సెట్ లేదంటారు. అడిగితే నీ పని కాదంటారు."

ఇంటి లోన్ ఈఎంఐ నడుస్తోంది. ఉన్న ఉద్యోగాన్ని కెలుక్కోవద్దని భార్య అంటున్నారు. ఏఐ కోడ్ రాసేస్తుంటే రేపు తన అవసరం ఉంటుందా అని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదట. కస్టమర్ కాల్స్‌లో కూర్చోమంటే, తర్వాత ఇంగ్లీషులో మెయిల్ రాయాలన్న బెరుకుతో తప్పించుకుంటున్నారు. లక్షల ఫీజు కట్టి ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్ కోర్సు చేయాలా, కంపెనీ మారాలా అన్నది ఆయన ప్రశ్న. చివర్లో యథాలాపంగా ఇంకో మాట రాశారు: "తెనాలిలో మా మేనమామకు మెడికల్ షాపు ఉంది. ఆయనా మా సాఫ్ట్‌వేరే వాడతారు. కాకపోతే పాతకాలం మనిషి, పక్కన ఒక నోటుబుక్ పెట్టుకుని అందులో కూడా రాసుకుంటూ ఉంటారు."

సమాధానం:

మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది ఆ ఆఖరి మాట దగ్గరే. దాని దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు డాష్‌బోర్డ్ సంగతి.

మూడు నెలల పనిని మెనూలోంచి తీసేస్తే కలిగే బాధ చిన్నది కాదు. తప్పు మీదెలా అవుతుందని అడిగారు. మీది కాదు. మీకు ఇచ్చిన కాగితంలో ఉన్నది మీరు చక్కగా చేశారు. అయితే తప్పు మీది కాదని తేలినా ఆ డాష్‌బోర్డ్ ఎవరికీ ఉపయోగపడలేదన్నది అలాగే ఉండిపోతుంది. ఆ రెండో సంగతి మీకు ఎప్పుడు తెలిసింది? మెనూలోంచి తీసేశాక. అంతకు ముందు ఇన్ని నెలల్లో ఒక్కసారైనా 'ఎంతమంది వాడుతున్నారు?' అని మీ అంతట మీరు చూశారా? చూసినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. మీ మేనేజర్ ఆ పెద్ద మాటతో చెప్పదలచుకున్నది బహుశా ఇదేనని నాకు అనిపిస్తోంది. పని చేతిలోంచి వెళ్లిపోయాక అది ఏమైందో తెలుసుకోవాలన్న ఆరాటం.

అది మీలో లేకపోవడానికి మీ స్వభావం కారణం అనుకోను. సర్వీస్ కంపెనీలో ఐదేళ్లు మీకు వేరే క్రమశిక్షణ నేర్పారు. అక్కడ పనికి హద్దులు కాంట్రాక్టులో ఉంటాయి. హద్దు దాటి ఒక బటన్ అదనంగా పెట్టినా 'ఇది మన స్కోప్‌లో లేదు' అని లీడ్ మందలిస్తాడు. అతను మందలించడం సబబే, ఎందుకంటే ఆ బటన్‌కి డబ్బులిచ్చేవాళ్లు ఎవరూ లేరు. క్లయింట్ సైన్-ఆఫ్ చేస్తే, అంటే సరేనని ఒప్పుకుంటే, పని అయిపోయినట్టు. టికెట్ (మనకు అప్పగించిన ఒక్కో పని నమోదు) మూసేస్తే మనసులో కూడా మూసేసుకోవాలి, లేకపోతే తర్వాతి ప్రాజెక్టుకి కదలలేం. అక్కడ అది మంచి అలవాటు. కంపెనీ మారినప్పుడు పని తీరు మారింది గానీ, మారిందని మీకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. కొత్త చోట టికెట్ మూసిన రోజున పని సగమే అయినట్టు.

నాదొక అనుభవం చెప్తాను. 2009లో నేను ఒక ఆసుపత్రి కోసం రోగుల రిజిస్ట్రేషన్ స్క్రీన్ రాశాను. ఫోన్ నంబర్ తప్పనిసరి అని స్పెసిఫికేషన్‌లో ఉంది. పది అంకెలు నింపకపోతే ముందుకు పోకుండా కట్టుదిట్టంగా చేశాను. టెస్టింగ్‌లో ఒక్క బగ్ కూడా రాలేదు. ఏడాది తర్వాత వేరే పని మీద ఆ ఆసుపత్రికి వెళ్లి, ఓపీ కౌంటర్ దగ్గర అరగంట నిలబడ్డాను. లైన్లో వాళ్లంతా పల్లెల నుంచి వచ్చినవాళ్లు. ఒక ముసలావిడని ఫోన్ నంబర్ అడిగితే 'లేదమ్మా' అంది. కౌంటర్ అమ్మాయి తలెత్తకుండా పది తొమ్మిదులు కొట్టేసి తర్వాతి మనిషిని పిలిచింది. డేటాబేస్ తీసి చూస్తే వందలమంది నంబరు అవే పది తొమ్మిదులు. మళ్లీ ఎప్పుడు రావాలో గుర్తుచేసే మెసేజ్‌లు వాళ్లెవరికీ చేరలేదు. బీపీకీ షుగర్‌కీ మందులు వాడుతూ, మళ్లీ చూపించుకోవాల్సిన మనుషులు వాళ్లు. స్పెసిఫికేషన్ ప్రకారమే చేశానన్న మాట ఆ కౌంటర్ ముందు నాకు నోట రాలేదు. 'నంబరు లేదు' అని ఒక చిన్న గడి పెట్టి, ఇంట్లో వాళ్లదో పక్కింటివాళ్లదో నంబరు అడిగే వీలు కల్పిస్తే సరిపోయేది. కోడ్‌గా చూస్తే అరపూట పని. ఆ అరపూట పని చేయాలని తట్టడానికి అరగంట అక్కడ నిలబడాల్సి వచ్చింది.

ఇప్పుడు మీ డాష్‌బోర్డ్‌ని మీ మామయ్య కౌంటర్ మీద పెట్టి చూడండి. సాయంత్రం ఏడున్నర. పక్క వీధి డాక్టరుగారి క్లినిక్ కిటకిటలాడుతోంది. చీటీలు పట్టుకుని ఆరుగురు నిలబడ్డారు. ఒకాయనకు పది మాత్రల స్ట్రిప్‌లో నాలుగే కావాలి, కత్తెరతో కోసి ఇవ్వాలి. కోసేటప్పుడు ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క షాపులో మిగిలేలా చూసుకోవాలి. ఇంకొకావిడ వాట్సాప్‌లో పాత స్ట్రిప్ ఫొటో చూపించి 'ఇదే కావాలి' అంటోంది. అదే మందు రెండు బ్యాచ్‌లు ఉన్నాయి, ఎమ్మార్పీలు వేరు. ఆ గంటలో ఆయన గ్రాఫు చూడడు. రాత్రి పదింటికి షట్టర్ దించేటప్పుడు కూడా, ఈ నెల యాంటీబయాటిక్స్ ఎన్ని శాతం పెరిగాయన్నది ఆయన బుర్రలో ఉండదని నా నమ్మకం. ఏ మందుల గడువు దగ్గరపడుతోంది, వాటిని ఏ స్టాకిస్టు దగ్గర కొన్నాను, ఎప్పటిలోగా పంపిస్తే వెనక్కి తీసుకుంటాడు, అన్నది ఆలోచిస్తాడు. ఆ తేదీ దాటితే నష్టం ఆయన జేబులోంచే పోతుంది.

ఆ కౌంటర్ మీద ఇంకో వస్తువు ఉండే ఉంటుంది. డబ్బు పడగానే గట్టిగా చెప్పే చిన్న పెట్టె. యూపీఐ 2016లో వచ్చింది. వ్యాపారులు క్యూఆర్ కోడ్ అంటించుకున్నారు. అయితే రద్దీలో ప్రతిసారీ ఫోన్ తీసి మెసేజ్ వచ్చిందో లేదో చూసుకోవడం ఎవరివల్లా కాదు. 'పంపించానండీ' అని స్క్రీన్‌షాట్ చూపిస్తే అది నిజమో కాదో తెలీదు. 2019లో పేటీఎం సౌండ్‌బాక్స్ తెచ్చింది, తర్వాత మిగతావాళ్లూ తెచ్చారు. ఇంజనీరింగ్ పరంగా అందులో ఉన్నది ఒక సిమ్, ఒక స్పీకర్, కొంచెం సాఫ్ట్‌వేర్. డబ్బు పంపే పద్ధతిలో కొత్తగా మారిందేమీ లేదు. వ్యాపారి చేతులూ కళ్లూ పనిలో ఉంటాయి, చెవి ఖాళీగా ఉంటుంది అని ఎవరో గమనించారు, అంతే. అలాంటి గమనింపు మీకూ సాధ్యమే అంటున్నాను. మీ టీమ్‌లో మందుల షాపు వెనక పెరిగిన మేనల్లుడు ఇంకెవరున్నారు?

ఇక ఆ నోటుబుక్. 'పాతకాలం మనిషి' అని మీరు దాన్ని పక్కన పెట్టేశారు. నేను మరోలా చదివాను. సాఫ్ట్‌వేర్‌కి నెలనెలా డబ్బులు కడుతూ, బిల్లులన్నీ అందులోనే కొడుతూ, ఆపైన చేత్తో మళ్లీ రాసుకుంటున్నారంటే మీ సాఫ్ట్‌వేర్ ఆయనకు ఇవ్వలేనిదేదో ఆ పుస్తకంలో ఉంది. ఎక్స్‌పైరీల జాబితా కావచ్చు. అరువు ఖాతాలు కావచ్చు. 'ఫలానా మాస్టారికి షుగర్ మందు ప్రతి నెలా ఐదో తేదీకి' అని కావచ్చు. నాకు తెలీదు, మీకూ తెలీదు. రెండేళ్లుగా ఆయన కోసం కోడ్ రాస్తూ ఆ పుస్తకం తిప్పి చూడలేదంటే, మేనేజర్ మాటకు ఇంతకన్నా స్పష్టమైన వివరణ నేను ఇవ్వలేను. మిమ్మల్ని నొప్పించాలని అనడం లేదు. మార్గం మీ ఇంట్లోనే ఉందని చెప్పడానికి అంటున్నాను.

ప్రొడక్ట్ మేనేజర్‌తో జరిగినదాని గురించి. మీ ప్రశ్న మంచిదే, అడిగిన చోటు బాగాలేదు. పదిమంది ముందు 'ఇది అసలు ఎవరికి కావాలి?' అంటే ఎంత మామూలుగా అన్నా 'మీకు తెలీకుండా తెచ్చారు' అన్నట్టే వినిపిస్తుంది. మీటింగ్‌కి ముందురోజు ఆమెతోనో ఆయనతోనో విడిగా పది నిమిషాలు మాట్లాడండి. మాట్లాడేటప్పుడు వాళ్ల దగ్గర లేనిదాన్ని తీసుకెళ్లండి. ఎంత పని అవుతుందన్నది మీకే బాగా తెలుసు. 'అనుకున్నట్టు మొత్తం చేస్తే రెండు నెలలు. గడువు దగ్గరపడిన మందుల పట్టిక ఒక్కటే అయితే నాలుగు రోజులు. ముందు అది ఐదు షాపులకు ఇచ్చి, వాడతారో లేదో చూద్దామా?' ఈ మాట ప్రొడక్ట్ మేనేజర్‌కి డెవలపరే చెప్పగలడు. ఇలా చెప్తే వాళ్ల పని లాక్కున్నట్టు కాదు, వాళ్లకు చేతనైన సాయం చేసినట్టు. అయినా 'నేను చూసుకుంటాను, నువ్వు కోడ్ రాయి' అనే మనుషులు ఉంటారు. రెండు మూడుసార్లు అలాగే జరిగితే, ఆ టీమ్‌లో మీరు కోరుకున్న ఎదుగుదల కష్టమని అర్థం. అప్పుడు టీమ్ మార్చమని అడగడానికి మీ దగ్గర ఆధారం ఉంటుంది.

మేనేజర్‌తో మాత్రం ఈ నెలలోనే మాట్లాడండి. 'ప్రొడక్ట్ మైండ్‌సెట్' అన్న మాట ఎంత పెద్దదంటే, అందులో ఎవరికి తోచింది వాళ్లు పెట్టుకోవచ్చు. అందుకే ఉదాహరణ అడగండి. 'కిందటి ఏడాదిలో అది నాలో కనిపించని సందర్భం ఒకటి, ఇంకొకరిలో కనిపించిన సందర్భం ఒకటి చెప్పండి.' చెప్పగలిగితే మీకు దారి దొరికినట్టే. చెప్పలేకపోతే, పోస్టు ఇవ్వకపోవడానికి వేరే కారణం ఉండి దాని మీద ఈ మాట కప్పారేమో ఆలోచించాలి. బడ్జెట్ లేకపోవచ్చు, ఇంకొకరికి ముందే మాట ఇచ్చి ఉండవచ్చు. అలాంటివి జరుగుతాయి. అప్పుడు మీలో లేని లోపం కోసం వెతుక్కుంటూ కూర్చోవద్దు. మాట్లాడుకున్నదాన్ని రెండు లైన్ల మెయిల్‌గా పంపి పెట్టుకోండి.

ఇంకో జాగ్రత్త. పని తీరు మార్చుకుంటే మొదటి రెండు నెలలు మీరు మూసే టికెట్ల సంఖ్య తగ్గుతుంది. షాపుకి ఫోన్ చేసిన గంట, వాడకం లెక్కలు చూసిన పూట టీమ్ పనుల జాబితా పెట్టే ఏ స్ప్రింట్ బోర్డు మీదా కనిపించవు. టికెట్లు లెక్కపెట్టే మేనేజర్ అయితే తర్వాతి అప్రైజల్ ఇంకా దిగజారవచ్చు. కాబట్టి ముందే చెప్పి, వారానికి మూడు నాలుగు గంటలకు ఒప్పించుకుని మొదలుపెట్టండి.

కోర్సు సంగతి అడిగారు. ప్రొడక్ట్ మేనేజర్ కావాలని మీకు నిజంగా ఉంటే అది ఒక దారే. ఆ ఉద్యోగంలో రోజంతా మాట్లాడటం, నచ్చజెప్పటం, పదిమంది అడిగినవాటిలో తొమ్మిదింటికి 'ఇప్పుడు కాదు' అనటం ఉంటాయి. కోడ్ ఉండదు. మీ ఉత్తరమంతటిలో సంతోషం కనిపించిన వాక్యం ఒక్కటే, తొమ్మిది సెకన్లను ఒక సెకనుకు తెచ్చిన రోజు గురించి రాసింది. ఆ సంతోషం ఉన్న మనిషి కోడ్ వదిలిపెట్టడానికి తొందరపడకూడదని నా అభిప్రాయం. ఈఎంఐ మీద ఇంకో అప్పు చేసి తెచ్చుకున్న సర్టిఫికెట్, మామయ్య కౌంటర్ దగ్గర ఒక శనివారం నేర్పేదాన్ని నేర్పదు. చేరాలనే అనిపిస్తే ఆరు నెలలు ఆగి అప్పుడు నిర్ణయించుకోండి.

లోతైన సాంకేతిక పని వైపు వెళ్లిపోవడం కూడా గౌరవమైన దారే. డేటాబేస్, పెర్ఫార్మెన్స్, ప్లాట్‌ఫామ్ టీమ్‌ల లాంటివి. వేగం మీద మీకున్న ఇష్టానికి అది సరిపోతుంది. అలాంటి పోస్టులు తక్కువ ఉంటాయి, చిన్న కంపెనీలో అసలు ఉండకపోవచ్చు. అక్కడా మీ పని వాడుకునే మనుషులు ఉంటారు, పక్క సీట్లో కూర్చునే డెవలపర్ల రూపంలో. వాళ్లు మీ టూల్ వాడటం మానేసి సొంతంగా స్క్రిప్టులు రాసుకుంటున్నారంటే, అదీ మామయ్య నోటుబుక్ లాంటిదే.

కంపెనీ మారడం అన్నింటికన్నా తేలికగా కనిపిస్తుంది. ఇంటర్వ్యూలో 'ఏం కట్టారు?' అని అడుగుతారు, మీరు బాగా చెప్తారు. 'దానివల్ల ఎవరికి ఏం మారింది?' అన్న రెండో ప్రశ్నకు ఇప్పుడు మీ దగ్గర జవాబు లేదు. ఒక్క చిన్న ఫీచర్‌కైనా ఆ జవాబు సంపాదించుకుని మారితే, కొత్త చోట మీ స్థానం వేరుగా ఉంటుంది. ఇల్లు గడవాలి కాబట్టి మీ ఆవిడ భయాన్ని నేను తీసిపారేయను. 'ఆరు నెలలు ఉద్యోగం మారను, అప్పు చేయను, పని చేసే తీరు మాత్రం మార్చుకుంటాను' అని చెప్పి చూడండి. ఆమె వద్దంటున్నది గొడవ పెట్టుకోవడం అయి ఉంటుంది గానీ, నేర్చుకోవడం కాదు.

ఏఐ గురించిన భయం నాకూ అర్థమవుతుంది. చెప్పింది చెప్పినట్టు కోడ్‌గా మార్చే పని రోజురోజుకీ చవకవుతోంది, అది దాచి లాభం లేదు. అయితే మీ డాష్‌బోర్డ్‌ని మూడు నెలల బదులు మూడు రోజుల్లో చేసి ఉన్నా, తెరిచే షాపులు ఆ పదకొండే. ఏది చేయాలో తెలిసిన మనిషికి త్వరగా చేసే పనిముట్టు వరం.

చేసినదాన్ని వదులుకోవడం గురించి ఒక మాట. ఆన్‌లైన్‌లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్‌ని మొదలుపెట్టిన ఫణీంద్ర సామ మన తెలంగాణ మనిషే. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరకక, ఎందుకు దొరకలేదని ట్రావెల్ ఏజెంట్ల చుట్టూ, బస్సు ఆపరేటర్ల చుట్టూ తిరిగారు. ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయో ఒక్క చోట తెలిసే ఏర్పాటే లేదని అర్థమైంది. స్నేహితులతో కలిసి సాఫ్ట్‌వేర్ తయారుచేసి ఇవ్వబోతే ఆపరేటర్లు పెద్దగా ఆసక్తి చూపలేదు. వాళ్ల దగ్గర సీట్లు తీసుకుని తామే అమ్మి చూపించారు. 2006లో కంపెనీ అలా మొదలైంది. రాసిన కోడ్‌ని పట్టుకుని వేలాడి ఉంటే అక్కడే ఆగిపోయేవారు. వాళ్లు పట్టుకున్నది ఖాళీ సీటు ఎక్కడుందో ప్రయాణికుడికి తెలియాలన్న అవసరాన్ని. మీ మూడు నెలల కోడ్‌లోనూ ఆ వేగం తెచ్చిన భాగం ఎక్కడికీ పోలేదు. ఎక్స్‌పైరీ పట్టికకు అదే పనికిరావచ్చు.

ఇంగ్లీషు బెరుకు దగ్గర మాత్రం మీతో వాదిస్తాను. గుంటూరు, ఖమ్మం, కాకినాడ షాపుల నుంచి సపోర్ట్‌కి వచ్చే ఫోన్లు ఏ భాషలో ఉంటాయి? 'బాబూ, కోసిన స్ట్రిప్ వెనక్కిస్తే స్టాక్ తేడా చూపిస్తోంది' అని ఒక ఓనర్ అంటే, అందులో సమస్య ఎక్కడుందో మీకు చప్పున తెలుస్తుంది. ధారాళంగా ఇంగ్లీషు మాట్లాడే మీ సహోద్యోగికి అది విడమర్చి చెప్పాలి. వారానికి ఒక గంట సపోర్ట్ కాల్స్ వింటానని అడగండి. తర్వాత రాసే మెయిల్‌లో నాలుగు చిన్న వాక్యాలు చాలు: ఎవరు, ఏం చేయబోయారు, ఎక్కడ ఆగారు, ఇప్పుడు ఎలా నెట్టుకొస్తున్నారు. వ్యాకరణం తప్పిపోయినా ఆ నాలుగూ ఉన్న మెయిల్‌ని జనం చదువుతారు.

ఈ శనివారం తెనాలి వెళ్లగలరా? లాప్‌టాప్ తీసుకెళ్లకండి. మా సాఫ్ట్‌వేర్ ఎలా ఉంది మామయ్యా అని అడగకండి, మేనల్లుడి ముఖం చూసి బాగుందనే అంటారు. ఏడింటి నుంచి తొమ్మిదింటి దాకా వెనక స్టూలు మీద కూర్చుని, ఆయన చెయ్యి ఎప్పుడెప్పుడు కీబోర్డు వదిలి ఆ పుస్తకం వైపు వెళ్తుందో చూడండి. షట్టర్ దించాక టీ తాగుతూ, దాన్ని ఒకసారి చూడనివ్వమని అడగండి. అందులో ఏముందో నాకూ రాయండి.